తల్లులు ఒక యూనిట్లో, రంగు ఇంకో యూనిట్లో: ఎం.ఏ. ఇంగ్లీషు స్పైరల్ నోట్సు మీద ఒక రివ్యూ

సెమిస్టరు పరీక్షలు దగ్గర పడగానే కాలేజీ గేట్ల ఎదుటి జిరాక్సు షాపుల్లో ఈ నోట్సు వేలాడుతుంది. రాజమండ్రిలో నీలం అట్ట, అమలాపురంలో పసుపు అట్ట, భీమవరంలో అట్టే ఉండదు. లోపలి పేజీలు మాత్రం అన్నిచోట్లా అవే. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు కాబట్టి ఎవరినీ పట్టుకుని అడగలేం. ఉన్నవి నాలుగు నవలలు: నెల్లా లార్సెన్ ‘పాసింగ్’, జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’, టోనీ మోరిసన్ ‘బిలవ్డ్’, ఏమీ టాన్ ‘ది జాయ్ లక్ క్లబ్’. వీటిని రెండు యూనిట్లుగా కోశారు. ఒకదాని పేరు ‘మిశ్రమ జాతి అస్తిత్వం’, రెండోదాని పేరు ‘తల్లీకూతుళ్ల బంధం’.

కొనొచ్చా అంటే కొనొచ్చు. కథాసారాలు చాలామటుకు సరిగానే ఉన్నాయి, తారీఖులు మొత్తం ఒకే పేజీలో ఉన్నాయి, వెనక ప్రశ్నల జాబితా ఉంది. కానీ ఇది ఒక్కటే చదివి పరీక్షకి వెళ్తే సగం మార్కుల దగ్గరే ఆగిపోతారు. అసలు తప్పంతా ఆ రెండు యూనిట్ల కోతలోనే ఉంది. ఈ నాలుగు నవలల్లోనూ బిడ్డ రంగు గురించిన గొడవ తల్లి దగ్గరే మొదలవుతుంది. రెండూ విడదీసేసరికి, రెండూ కలిసే సన్నివేశాలు ఏ యూనిట్లోనూ లేకుండా పోయాయి. అడిగితే పెద్ద ప్రశ్న వచ్చేది వాటి మీదే.

ముందు వస్తువు సంగతి. 192 పేజీలు, రెండు వైపులా కొడితే 96 కాగితాలు. 75 జీఎస్ఎమ్ కాగితాలు వంద పేరిస్తే సుమారు సెంటీమీటరు మందం వస్తుంది. షాపులవాళ్లు దానికి 10 మిల్లీమీటర్ల స్పైరల్ ఎక్కించి ఇస్తున్నారు. కాగితాలు తిరగవు, నాలుగు రోజులకే చిల్లులు చినిగిపోతాయి. 14 వేయమని అడిగి వేయించుకోండి. పైన వేసే ప్లాస్టిక్ షీటుకి మొదటి పేజీ టోనరు అంటుకుని అక్షరాలు షీటు మీదకి వచ్చేస్తాయి, మధ్యలో ఒక తెల్లకాగితం పెట్టమనండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద రోజూ తిరిగే పిల్లల సంచుల్లో వానాకాలం ఇది ఎలాగూ నానుతుంది, అట్ట వెనక కూడా షీటు ఉండాల్సిందే. కాపీకి కాపీ తీసిన ప్రతుల్లో 40వ పేజీ తర్వాత ఎడమ అంచు అక్షరాలు స్పైరల్ చిల్లుల్లోకి పోయాయి. డబ్బులిచ్చే ముందు ఆ పేజీలు తిప్పి చూసుకోండి.

ఇక లోపలికి. నోట్సు మొత్తంలో బాగా రాసింది ‘బిలవ్డ్’ మీద. 1850 నాటి పలాయిత బానిసల చట్టం ఏమిటో, పారిపోయి బానిసత్వం లేని రాష్ట్రం చేరినవాళ్లని కూడా పట్టి యజమానికి ఎలా అప్పగించేవారో అరపేజీలో తేలిగ్గా చెప్పారు. 1856లో మార్గరెట్ గార్నర్ గడ్డకట్టిన ఒహాయో నది దాటి, పట్టుబడే క్షణంలో రెండేళ్ల కూతుర్ని చంపుకున్న అసలు ఉదంతం కూడా ఇచ్చారు. నవలలో అలాగే కూతుర్ని చంపుకున్న సెథె చేసిన పనికి తీర్పు చెప్పే తొందర లేదు. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే.

కానీ సెథెని తల్లిగానే చూశారు, కూతురిగా చూడలేదు. మొదటి భాగంలో, చనిపోయిన ఆ కూతురే తిరిగొచ్చినట్టుండే బిలవ్డ్ ఆమెని ఒక మాట అడుగుతుంది: మీ అమ్మ నీకెప్పుడూ తల దువ్వలేదా అని. అక్కణ్ణుంచి సెథె తన తల్లిని గుర్తు చేసుకుంటుంది. పొలం పనిలో ఉండే ఆ తల్లి కూతురికి దగ్గరగా కనిపించిందే తక్కువ. ఒకసారి పక్కకి తీసుకెళ్లి, రొమ్ము కింద కాల్చి వేసిన ముద్ర చూపించి, నా ముఖం గుర్తుపట్టలేకపోతే దీన్నిబట్టి పోల్చుకో అంటుంది. నాకూ ఆ గుర్తు వెయ్యమని పిల్ల అడిగితే చెంప మీద కొడుతుంది. ఆ తర్వాత నాన్ అనే పెద్దామె చెప్పిన మాట సెథెకి జ్ఞాపకం వస్తుంది. బానిసల ఓడ మీద, ఆ తర్వాతా తెల్లవాళ్లు బలవంతం చేయగా పుట్టిన పిల్లల్ని ఆ తల్లి పేరు కూడా పెట్టకుండా పారేసింది. తను మనసారా చేతులు వేసిన నల్లమనిషికి పుట్టిన సెథెని మాత్రం ఉంచుకుని, ఆ మనిషి పేరే పెట్టింది. ఒకే పేరాలో మిశ్రమ సంతానం, తల్లీకూతుళ్లు, హత్య, ఎంపిక చేసిన ప్రేమ నాలుగూ ఉన్నాయి. సెథె ఎందుకలా చేసిందన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. 192 పేజీల్లో దీనికి ఒక్క వాక్యం లేదు. మిశ్రమ జాతి యూనిట్లో ‘బిలవ్డ్’ లేకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

దీని వెనకున్న చట్టాన్ని కూడా చేర్చుకోండి. 1662లో అమెరికాలోని ఇంగ్లీషు వలస వర్జీనియాలో ఒక శాసనం చేశారు: పుట్టిన బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితినిబట్టి ఉంటుంది. అంతకుముందు ఇంగ్లీషు ఆనవాయితీలో బిడ్డ తండ్రి వైపు వెళ్లేది. దాన్ని తిరగేశారు. దాంతో యజమాని తన బానిస స్త్రీని చెరిచి కన్న బిడ్డ కూడా అతని ఆస్తిలోనే జమ అయింది. ఈ రెండు వాక్యాలు రాసి నాన్ చెప్పిన మాట దగ్గరికి వెళ్తే, దిద్దేవాళ్లు పెన్ను ఆపి చదువుతారు.

‘పాసింగ్’ మీద అధ్యాయం పొడుగ్గా ఉంది, తప్పులూ ఎక్కువే. నల్లజాతి మూలాలున్నా చూడ్డానికి తెల్లగా ఉన్న క్లేర్ కెండ్రీ, ఆ మూలాలు దాచి జాన్ బెల్లూ అనే తెల్లవాణ్ణి పెళ్లాడుతుంది. చిన్ననాటి స్నేహితురాలు ఐరీన్ రెడ్‌ఫీల్డ్ కంటితో మనం కథ చూస్తాం. నోట్సు ఇంత చెప్పి, ‘చివర్లో ఐరీన్ క్లేర్‌ని కిటికీలోంచి తోసేస్తుంది’ అని తేల్చేసింది. నవల అలా తేల్చలేదు. ఐరీన్ చెయ్యి క్లేర్ చేతి మీద పడుతుంది, మరుక్షణం క్లేర్ అక్కడ ఉండదు. తోసిందా, జారిందా, తనే దూకిందా అన్నది లార్సెన్ కావాలనే తెరిచి ఉంచింది. పరీక్షలో ‘తోసింది’ అని రాస్తే మార్కులు పోతాయి, పోవాలి కూడా.

మీ దగ్గరున్నది ఏ ముద్రణ ప్రతి అన్నది ఇక్కడే చూసుకోవాలి. 1929లో మొదట వేసిన ప్రతుల్లో, ఐరీన్ స్పృహ తప్పిన తర్వాత ఒక చిన్న పేరా ఉంది. ఎవరో అపరిచితుడు ఇది ప్రమాదవశాత్తు జరిగిన చావే అనుకుంటున్నానని, ఆ కిటికీ మరోసారి చూద్దాం పదండని అంటాడు. మూడో ముద్రణలో ఆ పేరా ఎగిరిపోయింది, ఐరీన్‌కి కళ్లు చీకట్లు కమ్మడంతోనే నవల ముగుస్తుంది. తీసింది రచయిత్రా, ప్రచురణకర్తలా అన్నది తేలలేదు. అందుకే ఇప్పటికీ కొన్ని ప్రతుల్లో ఉంది, కొన్నిట్లో లేదు. మీ ప్రతిలో ఏది ఉందో చూసుకుని, జవాబులో ఒక వాక్యంగా ఆ తేడా చెప్పండి. లార్సెన్ 1964లో పోయారు, మన దేశంలో కాపీరైటు గడువు రచయిత పోయాక 60 ఏళ్లు కాబట్టి 2025 నుంచి ఈ నవలని దింపుకుని ప్రింటు తీసుకోవడంలో తప్పేమీ లేదు. మిగతా మూడిటికీ ఆ వెసులుబాటు లేదు.

నోట్సు తల్లీకూతుళ్ల యూనిట్లో ‘పాసింగ్’ లేనే లేదు. క్లేర్ కూతురు మార్జరీ పేరు పాత్రల పట్టికలో ఒక్కసారి వస్తుంది, అంతే. నిజమే, ఆ పిల్ల నవలలో మన ఎదుటికి రాదు, స్విట్జర్లాండు బడిలో ఉంటుంది. కానీ ఆ పిల్ల చుట్టూ అల్లిన భయం చూడండి. మొదటి భాగంలో టీ తాగుతూ ముగ్గురు ఆడవాళ్లు మాట్లాడుకుంటారు. మార్జరీ కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ బిడ్డ నల్లగా పుడుతుందేమోనని చచ్చిపోయానంటుంది క్లేర్, ఇంకో బిడ్డ మాటే వద్దంటుంది. తెల్లవాణ్ణి చేసుకున్న గెర్ట్రూడ్ కూడా అదే పాట. నల్లపిల్లలు ఎవరికీ అక్కర్లేదు కదా అని ఆ మాట జారేసరికి ఐరీన్, మా పిల్లల్లో ఒకడు నల్లగానే ఉంటాడని చెబుతుంది. ఆ తర్వాత బెల్లూ లోపలికొచ్చి, నల్లవాళ్లని తిట్టే మాటనే పెళ్లానికి ముద్దుపేరుగా వాడుతూ పిలుస్తాడు. తన ఇంట్లో నల్లవాళ్లెవరూ లేరని గర్వం. రంగు, తల్లితనం, పెళ్లి, చట్టం నాలుగూ ఒకే గదిలో కూర్చున్నాయి. రెండో భాగంలో తల్లి కావడమంత క్రూరమైనది లోకంలో ఇంకోటి లేదంటుంది క్లేర్. మూడో భాగంలో నన్ను ఇక్కడ ఆపుతున్నది మార్జరీ ఒక్కతే అంటుంది. ఈ మూడు చోట్లా గీత గీసుకుంటే, అస్సలు కనిపించని కూతురు కథ మొత్తాన్ని ఎలా నడిపిస్తోందో ఒక పేజీ జవాబు తయారవుతుంది.

క్లేర్ సంగతి ఆమె భర్తకి తెలిస్తే ఏమవుతుందని ఐరీన్ ఆలోచిస్తున్నప్పుడు రైన్‌లాండర్ కేసు ప్రస్తావన వస్తుంది. నోట్సు దాన్ని దాటేసింది. న్యూయార్కు సంపన్న కుటుంబపు కుర్రాడు లియొనార్డ్ రైన్‌లాండర్, భార్య ఆలిస్ తన జాతి దాచి మోసం చేసిందని, పెళ్లి రద్దు చేయమని కోర్టుకెక్కాడు. 1925లో జరిగిన విచారణలో ఆలిస్ ఒంటి రంగు చూపించడానికి జ్యూరీ ముందు ఆమె బట్టలు కొంత తొలగింపజేశారు. జ్యూరీ చివరికి ఆలిస్ పక్షానే తీర్పిచ్చింది. ఆ రోజుల్లో పేపరు చదివే పాఠకులకి ఆ ఒక్క పేరు చాలు, మనకి ఈ నాలుగు వాక్యాలు కావాలి.

ఈ నవలనే 2021లో రెబెకా హాల్ తీసిన నలుపు తెలుపు సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. బాగానే ఉంటుంది, ముఖాలు గుర్తుంటాయి. కానీ నవలలో మనం చూసేదంతా ఐరీన్ అనుమానంలోంచి వడకట్టి వచ్చేది. సినిమా మాత్రమే చూసి రాసినవాళ్లు ఎక్కడ దొరికిపోతారంటే అక్కడే.

‘వైడ్ సర్గాసో సీ’ అధ్యాయంలో మొదటి వాక్యమే తప్పు. నాయిక ఆంటోనెట్‌ని మిశ్రమ జాతి అమ్మాయి అని రాశారు. కాదు. జమైకాలో ఉండే తెల్ల క్రియోల్ (వలస దీవుల్లో పుట్టిన యూరోపు సంతతి) కుటుంబం వాళ్లది, బానిసలమీద బతికిన తోటల యజమానులు. 1833 విముక్తి చట్టం తర్వాత చితికిపోయారు. నల్లవాళ్లు తెల్ల బొద్దింక అంటారు, ఇంగ్లండు నుంచి వచ్చిన తెల్లవాళ్లు తమలో కలుపుకోరు. నవలలో మిశ్రమ సంతానం డానియల్ కాస్‌వే, తను ఆంటోనెట్ తండ్రికి పుట్టినవాణ్ణని చెప్పుకుంటాడు. శాండీ కాస్‌వే కూడా ఆ వరసవాడే. ఆంటోనెట్‌ది రక్తంలో కలయిక కాదు, ఎటూ చెందకపోవడం. ఈ తేడా స్పష్టంగా రాయగలిగితే చాలు, మిగతా పిల్లల జవాబులకన్నా మీది పైకి వెళ్తుంది. సగం మంది నోట్సు చూసే రాస్తారు కదా.

తల్లి ఆనెట్ గురించి నోట్సు ‘ప్రేమలేని తల్లి’ అని రెండు మాటల్లో ముగించింది. మొదటి భాగంలో ఆంటోనెట్ గౌను తీసేసుకుని స్నేహితురాలు టియా తన గౌను వదిలి వెళ్తుంది. ఇంటికొచ్చిన కూతురి ఒంటిమీద నల్లపిల్ల బట్ట, ఇంట్లో బాగా తయారైన కొత్త తెల్ల అతిథులు. ఆ గౌను పారేసి కాల్చెయ్యమంటుంది తల్లి. వేసుకోవడానికి ఉతికిన గౌను ఇంకోటి లేదన్న సంగతి తల్లికి తెలియదు, వంటింట్లో ఉన్న పనిమనిషి క్రిస్టఫీన్‌కి తెలుసు. ఈ ఒక్క గౌను చాలు పేదరికం, రంగు, తల్లి అవమానం చెప్పడానికి. తోసేసే తల్లి ఒకరు, లాలిపాట పాడే మార్టినీక్ మనిషి క్రిస్టఫీన్ ఒకరు. ఇద్దరు తల్లుల మధ్య పెరిగిన పిల్ల అన్న కోణం నోట్సుకి తట్టలేదు.

ఇంకొకటి కలుపుకోండి. రీస్ నవల 1847 నాటి షార్లెట్ బ్రాంటె నవల ‘జేన్ ఐర్’లో రోచెస్టర్ మేడ మీద బంధించి ఉంచిన భార్య బెర్తా కథే. ‘జేన్ ఐర్’లో బెర్తా పిచ్చికి రోచెస్టర్ చెప్పే కారణం ఆమె తల్లి: ఆ క్రియోల్ మనిషి పిచ్చిదీ తాగుబోతూ అని. పిచ్చి తల్లి నుంచి కూతురికి వచ్చిందన్న మాట. 1966లో రీస్ చేసింది ఆ వాక్యాన్ని పట్టుకుని తల్లికి ఒక బతుకు ఇవ్వడం. రెండో భాగంలో డానియల్ ఉత్తరం భర్తకి అదే విషం ఎక్కిస్తుంది, ఆ తర్వాత భర్త ఆమెని బెర్తా అని పిలవడం మొదలుపెడతాడు. భర్తకి నవలలో పేరే లేదని గుర్తుంచుకోండి. నోట్సు అడుగడుగునా ‘రోచెస్టర్’ అని రాసింది. కొనేటప్పుడు వెనక వివరణలున్న పెంగ్విన్ ప్రతి తీసుకుంటే పాత్వా (ఆ దీవుల ఫ్రెంచి యాస) మాటలకి, ఊళ్ల పేర్లకి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

‘ది జాయ్ లక్ క్లబ్’ అమెరికా చేరిన చైనా తల్లులు, అక్కడ పెరిగిన కూతుళ్ల కథలు. నోట్సులో ఉన్నదంతా జూన్, ఆమె తల్లి సుయువాన్. చైనాలో మిగిలిపోయిన అక్కల్ని కలిసే చివరి కథ, కన్నీళ్లు. ఈ పేపరుకి మనకి కావలసింది వాళ్లు కాదు, లీనా సెయింట్ క్లేర్. తల్లి యింగ్-యింగ్ చైనా మనిషి, తండ్రి ఇంగ్లీషు ఐరిష్ వంశపువాడు. పుస్తకంలో నాలుగు భాగాలు, భాగానికి నాలుగు చొప్పున 16 కథలు. ఈ తల్లీకూతుళ్లవి నాలుగే: మొదటి భాగంలో నాలుగోది, రెండో భాగంలో రెండోది, మూడో భాగంలో మొదటిది, నాలుగో భాగంలో రెండోది. టైము లేనివాళ్లు ఈ నాలుగూ వరసగా చదివేస్తే, ఒక చిన్న నవల చదివినట్టే ఉంటుంది.

రెండో భాగంలోని కథలో చూడండి. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి వలస కేంద్రం ఏంజెల్ ఐలండ్‌లో, వలస కాగితాల్లో భర్త యింగ్-యింగ్ పేరు కొట్టేసి బెట్టీ అని రాస్తాడు, పుట్టిన సంవత్సరం 1914 బదులు 1916 వేస్తాడు. ఒక్క పెన్ను గీతతో పేరూ పోయింది, చైనా లెక్కలో పులి సంవత్సరంలో పుట్టిన మనిషి డ్రాగన్ అయిపోయింది. భర్తకి చైనీసు రాదు, ఆమె మాటలు తనకి తోచినట్టు పూరించేస్తుంటాడు. బిడ్డ పోయినప్పుడు ఆస్పత్రిలో తల్లి చైనీసులో గుండె పగిలేలా ఏదో చెబుతుంటే, తండ్రి ఏమంటోందని లీనానే అడుగుతాడు. ఆ పిల్ల ఉన్నది చెప్పలేక వేరే ఏదో చెబుతుంది. రెండు భాషల మధ్య నిలబడిన బిడ్డ తల్లికి కాపలా కాస్తోందా, తల్లిని దాచేస్తోందా? ఈ ప్రశ్న చుట్టూ రాయండి. కళ్లు తండ్రిలా గుండ్రంగా కనబడాలని పక్కలు నొక్కుకునే వాక్యం కూడా అక్కడే ఉంది, వదలకండి.

‘భారతీయ సందర్భం’ అని పెట్టిన చివరి పేజీ మాత్రం చింపేసినా నష్టం లేదు. జాతి అంటే మన కులమే అని తేల్చేసి, కులాంతర వివాహాల మీద నాలుగు నీతులు రాశారు. పోలిక చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా, కానీ ఆధారం మీద చెయ్యాలి. రాజ్యాంగం 366(2) అధికరణ ప్రకారం ఆంగ్లో ఇండియన్ అనాలంటే తండ్రి, లేదా మగవంశంలో పైవాళ్లలో ఒకరు యూరోపు సంతతి అయి ఉండాలి. తల్లి యూరోపు మనిషి అయినా లెక్కలోకి రాదు. వర్జీనియా 1662లో తల్లి వైపు లెక్క, ఇక్కడ తండ్రి వైపు లెక్క. రెండుచోట్లా ఆ గీత ఎవరి లాభానికి గీశారో అడిగితే జవాబు మొదలవుతుంది. కులం విషయానికి వస్తే, కులాంతర దంపతుల బిడ్డది తండ్రి కులమే అన్నది తిరుగులేని నియమం కాదని, బిడ్డ పెరిగిన తీరునిబట్టి చూడాలని సుప్రీంకోర్టు 2012లో రమేష్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో చెప్పింది. ఇది మాటవరసకి కాదు, పోలికకి గట్టి ఆధారం.

దూరం పోనక్కర్లేదు కూడా. పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు ఫ్యాక్టరీలు (వర్తక స్థావరాలు) పెట్టారు. యానాం 1954 వరకు ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. డెల్టా రేవుల్లో ఇన్ని దేశాలవాళ్లు తరాలపాటు కాపురమున్న చరిత్ర ఉండగా, మిశ్రమ సంతానం అనేసరికి అమెరికా సంగతే అన్నట్టు రాయడం మన నోట్సులకే చెల్లింది.

ఇది దగ్గరుంచుకుని చదవాలనుకుంటే, ముందు తారీఖుల పేజీ చూసుకోండి. నాలుగు కథాసారాలూ ఒక పూటలో అయిపోతాయి. తర్వాత నోట్సు మూసేసి నవలల్లో ఈ చోట్లే చదవండి: నాన్ చెప్పిన మాట, టీ టేబులు సన్నివేశం, టియా గౌను, ఆస్పత్రిలో లీనా. ఒక్కోదానికి ఒక పేజీ సొంత వాక్యాల్లో రాసుకుని నోట్సులో సరైన చోట తెల్లకాగితం మీద అతికించండి. ‘మాతృత్వం’ అని అడిగినా ‘అస్తిత్వం’ అని అడిగినా ఈ నాలుగు పేజీలే తిప్పి రాయొచ్చు. ప్రశ్నల జాబితాలో చాలా ప్రశ్నలు మాటలు మార్చి మళ్లీ మళ్లీ వచ్చినవే, ఎన్ని ఉన్నాయో చూసి బెంబేలెత్తకండి. వెనక ఇచ్చిన కొటేషన్లలో పేజీ నంబర్లు ఏ ప్రతివో చెప్పలేదు. నవలతో సరిచూడకుండా ఒక్కటి కూడా జవాబుపత్రంలో పెట్టొద్దు.

పాత బ్యాచి పిల్లల దగ్గర దొరికితే సగం ధరకే తీసుకోండి. కొత్తది కొంటే మాత్రం ఆ చివరి పేజీ లేకుండా, పెద్ద స్పైరల్ వేసి ఇమ్మనండి.